కాంపౌండ్ వదిలి రికర్వ్ పట్టుకుంటున్నారా? బాణాలు ఇలా ఎంచుకోండి

విలువిద్యలో కాంపౌండ్ (చివర్లలో కప్పీలుండే విల్లు) నుంచి రికర్వ్‌కి (కప్పీలు లేని, కొనలు ముందుకి వంగిన విల్లు) మారేవాళ్ళు రైజర్ (విల్లు మధ్యలో పట్టుకునే భాగం) ఏ కంపెనీది, లింబ్స్ (పైనా కిందా వంగే రెక్కలు) ఏ రంగువి అని నెలలు ఆలోచిస్తారు. బాణాల దగ్గరికి వచ్చేసరికి షాపువాడు ఏదిస్తే అది తెచ్చేసుకుంటారు. రికర్వ్‌లో ఖరీదు తక్కువ విల్లుతో కూడా బాగానే వేయొచ్చు. బాణం మాత్రం మీ చేతికి, మీ లాగుడికి సరిపోకపోతే ఎంత మంచి విల్లున్నా గ్రూపింగ్ (బాణాలన్నీ దగ్గరదగ్గరగా పడటం) రాదు.

మన రాష్ట్రంలో ఈ మార్పు గురించి అడిగేవాళ్ళు బాగానే ఉన్నారు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్‌లో మూడు స్వర్ణాలు తెచ్చాక చాలామంది పిల్లలు నేరుగా కాంపౌండే పట్టుకున్నారు. ఒలింపిక్స్ సంగతి వేరు. 2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్‌కి చోటిచ్చినా, అది మిక్స్‌డ్ టీమ్ ఒక్కదానికే. వ్యక్తిగత పతకం కావాలంటే ఇప్పటికీ రికర్వే దారి. అందుకే విశాఖలోనూ "మావాడిని రికర్వ్‌కి మారుద్దామనుకుంటున్నాం, ఇంట్లో డజను బాణాలున్నాయి, వాటితో మొదలుపెడితే సరిపోతుంది కదండీ?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు.

సరిపోదండీ. ఎందుకో ముందు చూద్దాం, తర్వాత కొలతల్లోకి వెళ్దాం.

పాత బాణాలు ఎందుకు పక్కన పెట్టాలి

కాంపౌండ్‌లో రిలీజ్ ఎయిడ్ (వింటితాడుని పట్టుకుని వదిలే చిన్న పరికరం) నొక్కగానే స్ట్రింగ్ దాదాపు తిన్నగా ముందుకు వెళ్తుంది. బాణం వంగినా ఎక్కువగా పైకీ కిందకీ వంగుతుంది. రికర్వ్‌లో స్ట్రింగ్ మీ మూడు వేళ్ళ మీద నుంచి జారుతుంది, జారేటప్పుడు పక్కకి తప్పుకుంటుంది. కుడిచేతి వాటం వాళ్ళకైతే ముందు ఎడమకి వెళ్ళి, ఆ తర్వాత దారిలోకి వస్తుంది. వెనక నాక్ (స్ట్రింగ్‌కి తగిలించే గాడి) పక్కకి కదిలింది, ముందున్న పాయింట్ (బాణం మొన) బరువు వల్ల అంత త్వరగా కదలదు. మధ్యలో షాఫ్ట్‌కి (బాణం కాడకి) వంగడం తప్ప వేరే దారి లేదు. ఒకసారి ప్లంజర్ (రైజర్‌కి ఉండి బాణం పక్కన ఆనే స్ప్రింగ్ బటన్) వైపు వంగి దాన్ని నొక్కుతుంది, మరుక్షణం అవతలివైపు వంగుతుంది. తోక రైజర్ దగ్గరికి వచ్చే సమయానికి ఇలా అటూఇటూ వంగడం వల్లే ఏమీ తగలకుండా బయటపడుతుంది. దీన్నే ఆర్చర్స్ పారడాక్స్ అంటారు. స్లోమోషన్ వీడియోలో చూస్తే బాణం చేపలా ఈదుతూ వెళ్తున్నట్టు ఉంటుంది.

అంటే రికర్వ్ బాణం వంగాలి, అదీ లెక్కగా వంగాలి. మీ కాంపౌండ్ బాణాలు 50 పౌండ్ల లాగుడు బరువు కోసం కొన్నవి. 28 పౌండ్ల రికర్వ్ మీద అవి కర్రల్లా బిర్రుగా ఉంటాయి. వంగకుండా ప్లంజర్‌కి కొట్టుకుని ఎడమకి పోతాయి.

ఇంతకంటే ముఖ్యమైనది పొడవు, ఇది భద్రతకి సంబంధించిన విషయం. కాంపౌండ్‌కి వాల్ ఉంటుంది, ఎంత లాగినా అక్కడే ఆగుతుంది. కాబట్టి బాణాన్ని రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే చోటు) దగ్గరిదాకా కోసేసుకున్నా ఫర్వాలేదు. రికర్వ్‌కి ఆ గోడ లేదు. ఉదయం భుజాలు బిగుసుకుని ఉన్నప్పుడు ఒకలా, ఒళ్ళు వేడెక్కాక అర అంగుళం ఎక్కువగా లాగుతారు. పొట్టి బాణం రెస్ట్ దాటి లోపలికి జారిందంటే, వదిలినప్పుడు అది మీ ఎడమచేతిలోకి వెళ్తుంది. కార్బన్ అయితే చీలి పేలికలవుతుంది. "ఒక్కసారి వేసి చూద్దాం" అనే సరదా ఇక్కడ వద్దు.

ముందు లాగుడు బరువు తేల్చుకోండి

"కాంపౌండ్ 50 లాగేవాణ్ణి, రికర్వ్ 40 తీసుకుంటా" అనే మాట చాలా వినపడుతుంది. లెట్-ఆఫ్‌ని (కాంపౌండ్‌లో పూర్తిగా లాగాక తగ్గే బరువుని) మర్చిపోయి చెప్పే లెక్క ఇది. 80 శాతం లెట్-ఆఫ్ ఉన్న 50 పౌండ్ల కాంపౌండ్‌లో గురి చూసేటప్పుడు మీరు మోస్తున్నది 10 పౌండ్లే. రికర్వ్‌లో 40 అంటే గురి చూసినంతసేపూ 40, అదీ వేళ్ళ మీద. జిమ్‌కి వెళ్ళే పెద్దవాళ్ళకి కూడా 26 నుంచి 30 మధ్య మొదలుపెట్టమనే నా సలహా. పిల్లలకి ఇంకా తక్కువ. పౌండేజ్ (లాగుడు బరువు) పెంచుకోవడానికి తర్వాత బోలెడంత టైముంది, చెడిపోయిన రిలీజ్‌ని (బాణం వదిలే తీరుని) బాగుచేసుకోవడానికి మాత్రం చాలా కష్టపడాలి.

లింబ్ మీద రాసి ఉన్న అంకె మీరు లాగే బరువు కాకపోవచ్చు. 68-30 అని ఉంటే, 25 అంగుళాల రైజర్‌కి తగిలించి 68 అంగుళాల విల్లు చేసినప్పుడు, 28 అంగుళాల డ్రా (స్ట్రింగ్ లాగే పొడవు) దగ్గర 30 పౌండ్లు అని అర్థం. మీరు 29 లాగితే సుమారు 2 పౌండ్లు పెరుగుతుంది, 27 లాగితే అంతే తగ్గుతుంది. కచ్చితంగా తెలియాలంటే బో స్కేల్ కావాలి. అది లేకపోతే విమానం ఎక్కేముందు బ్యాగు తూచుకునే లగేజీ కాటా చాలు. దాని కొక్కేన్ని నాకింగ్ పాయింట్ (బాణం తగిలించే చోటు) దగ్గర స్ట్రింగ్‌కి తగిలించి, మీ యాంకర్ (లాగిన చేయి ముఖం దగ్గర ఆగే చోటు) దాకా లాగి అంకె చూడండి. కిలోల్లో వస్తే 2.2తో గుణించండి: 13.5 కిలోలు వచ్చిందంటే దాదాపు 30 పౌండ్లు. మూడు నాలుగు సార్లు తూచి, మధ్యరకంగా వచ్చిన అంకె తీసుకోండి. పక్కన ఒకరుండాలి, మీరు లాగుతూ కాటా చూడలేరు. కొక్కెం ఊడితే ఉత్త స్ట్రింగ్ వదిలినట్టే. లింబ్ పగలొచ్చు, కాబట్టి మెల్లగా లాగి మెల్లగానే దించండి.

తర్వాత డ్రా పొడవు

కాంపౌండ్‌లో మీ డ్రా లెంగ్త్ 28.5 అని తెలుసు కదా అని దాన్నే రాసేసుకోకండి. రిలీజ్ పట్టుకున్న చేయి దవడ పక్కన ఎక్కడో ఆగేది. రికర్వ్‌లో చేయి గడ్డం కిందకి వస్తుంది, స్ట్రింగ్ ముక్కుకీ గడ్డానికీ తగులుతుంది. యాంకరే మారింది కాబట్టి పాత కొలతకి విలువ లేదు.

కోయని పొడవాటి షాఫ్ట్ ఒకటి అడిగి తెచ్చుకోండి. బట్‌కి (బాణాలు గుచ్చుకునే దిమ్మకి) ఎదురుగా దగ్గరగా నిలబడి యాంకర్ దాకా లాగండి. ప్లంజర్ రంధ్రం ఎదురుగా షాఫ్ట్ మీద పక్కనున్నవాళ్ళు స్కెచ్‌పెన్‌తో గీత పెట్టాలి. వదలకుండా దించండి. ఒక్క గీతతో ఆపకుండా పదిసార్లు పెట్టించండి. మొదట్లో ఆ గీతలు అర అంగుళం మేర చెల్లాచెదురుగా పడతాయి, అది మామూలే. వాటిలో అన్నిటికన్నా ముందున్న గీత, అంటే మీరు అన్నిటికన్నా ఎక్కువ లాగినప్పటిది తీసుకుని దానికి రెండు అంగుళాలు కలపండి. కొత్తవాళ్ళకి బాణం అంత పొడవుండాలి. క్లిక్కర్ (కావలసినంత లాగగానే క్లిక్కుమనే చిన్న పట్టీ) పెట్టే దశకి వచ్చాక పొడవుని క్లిక్కరే నిర్ణయిస్తుంది. ఆ మాట ఎత్తడానికి కనీసం కొన్ని నెలలు ఆగండి. యాంకర్ కుదురుకోకముందే క్లిక్కర్ కోసం బాణాలు కోయించుకున్నవాళ్ళు రెండోసారి కొనక తప్పదు.

స్పైన్: అసలు విషయం

షాఫ్ట్‌ని 28 అంగుళాల దూరంలో ఉన్న రెండు ఆధారాల మీద పెట్టి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అది ఎంత కిందికి వంగిందో అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పేదే స్పైన్. అర అంగుళం వంగితే 500. ముప్పావు అంగుళం వంగితే 750. అంకె పెద్దదయ్యేకొద్దీ బాణం మెత్తన. మొదట్లో అందరూ ఇక్కడ తడబడతారు, 800 అంటే గట్టిదేమో అనుకుంటారు.

కంపెనీ చార్టులో కాంపౌండ్‌కీ రికర్వ్‌కీ వేర్వేరు వరుసలుంటాయి. ఎప్పుడూ చూసే కాంపౌండ్ వరుసలోకే కన్ను పోతుంది, జాగ్రత్త. మీరు తూచుకున్న బరువుని, బాణం పొడవుని రికర్వ్ వరుసలో పెట్టి చూడండి. ఒక అంచనా కోసం చెబుతున్నా: 28, 29 అంగుళాల బాణానికి వేళ్ళ మీద 26-28 పౌండ్లుంటే 800-900 దగ్గర, 32-34 ఉంటే 700కి అటూఇటూ, 40 దాకా వెళ్తే 550-600. కంపెనీని బట్టి కొంచెం మారుతుంది, మీ బాణం కంపెనీ చార్టునే నమ్మండి.

చార్టు చెప్పేది కదలకుండా ఉన్న షాఫ్ట్ సంగతి. విల్లు మీద నుంచి వెళ్ళేటప్పుడు అదే షాఫ్ట్ మెత్తగానో గట్టిగానో ప్రవర్తించడానికి మరికొన్ని కారణాలున్నాయి. పొడవు ఎక్కువైతే మెత్తన, కోస్తే గట్టి. ముందు పాయింట్ బరువెక్కితే మెత్తన. పౌండేజ్ పెరిగితే మెత్తన. వెనకవైపు బరువైన నాక్, పెద్ద వేన్లు (తోక రెక్కలు) పెడితే కొద్దిగా గట్టి.

డబ్బు మిగిలే కిటుకు ఇందులోనే ఉంది. మీరు 28 పౌండ్లతో మొదలుపెట్టి ఏడాదిలో 32కి వెళ్తారనుకుందాం. చార్టు 850 చెబుతుంటే కొంచెం గట్టిగా 800 తీసుకుని, కోయకుండా పొడవుగా ఉంచేయండి. పొడవు వల్ల ఇప్పటికి మెత్తగా పనిచేస్తుంది. పౌండేజ్ పెరిగాక ఒక్కో అర అంగుళం కోయించుకుంటూ పోవచ్చు. కోసిన ముక్కని మళ్ళీ అతికించలేం, కాబట్టి కోయడంలో ఎప్పుడూ పిసినారిగానే ఉండండి. కోసేది కూడా తిరిగే కట్టర్ మీదే కోయించాలి, రంపంతో కోస్తే కార్బన్ నార చీలుతుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మాస్క్ ఉండాలి.

అల్యూమినియమా, కార్బనా

అల్యూమినియం చవక, కొలత కచ్చితంగా ఉంటుంది. వంగితే వంగినట్టు కనపడుతుంది, కార్బన్‌లా పేలికలవదు. దాని మీద 1816 అని ఉంటే మొదటి రెండంకెలు బాణం వ్యాసం, అంగుళంలో 64వ వంతుల్లో 18. తర్వాతి రెండు గొట్టం గోడ మందం, వెయ్యో వంతుల్లో 16. 18 మీటర్ల దాకా ప్రాక్టీస్ చేసే మొదటి ఆరు నెలలకి ఇది బాగా సరిపోతుంది. కార్బన్ తేలిక, దూరం వెళ్తుంది. 50, 70 మీటర్లకి వెళ్ళినప్పుడు అదే కావాలి.

ఆ దూరాల్లో విశాఖ గాలి సంగతి కూడా ఉంది. ఉదయం ఏడింటికి బీచ్ రోడ్డు వైపు జెండా కూడా కదలదు. పొద్దెక్కాక సముద్రం మీద నుంచి గాలి మొదలై సాయంత్రం దాకా ఆగదు. కాంపౌండ్ బాణం వేగంగా వెళ్తుంది కాబట్టి మీకు ఇన్నాళ్ళూ ఆ గాలి పెద్దగా తెలిసి ఉండదు. 30 పౌండ్ల రికర్వ్ బాణం గాల్లో చాలా ఎక్కువసేపు ఉంటుంది, ఆ మేరకు పక్కకి కొట్టుకుపోతుంది. కాబట్టి ఆరుబయట వేసేవాళ్ళు సన్నటి షాఫ్ట్, చిన్న వేన్లు తీసుకోవాలి. కాంపౌండ్‌లో ఇండోర్ కోసం వాడే 9.3 మిల్లీమీటర్ల లావు గొట్టాలు, గీతకి తగిలితే పాయింటు వస్తుందని ఇష్టంగా వాడతారే, అవి ఇక్కడ వద్దు. చిన్న పౌండేజ్‌కి సరిపోయే మెత్తదనం వాటిలో దొరకడమే కష్టం.

ఒలింపిక్ స్థాయి వాళ్ళు వాడే ఎక్స్10 లాంటి బాణాల ఊసు ఇప్పుడు ఎత్తకండి. 28 పౌండ్లు లాగుతూ వాటిని కొనడం పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టే. ఏడాదిలో మీ పౌండేజ్ మారుతుంది, దాంతోపాటు కావలసిన స్పైన్ కూడా మారుతుంది.

పాయింట్, వేన్, నాక్

పాయింట్ బరువు గ్రెయిన్లలో చెబుతారు. 100 గ్రెయిన్లంటే ఆరున్నర గ్రాములు. బాణం బరువులో ముందువైపు ఎంత మొగ్గుందో చూసుకోవడానికి బాణాన్ని వేలి మీద నిలబెట్టండి. నాక్ గాడి నుంచి బ్యాలెన్స్ అయిన చోటు 18 అంగుళాలు, మొత్తం పొడవు 28 అనుకోండి. సగం పొడవు 14, తేడా 4. నాలుగుని 28తో భాగిస్తే 14 శాతం పైచిలుకు. టార్గెట్ రికర్వ్‌కి 11 నుంచి 16 మధ్య ఉంటే మంచిది.

కాంపౌండ్ వేన్లు పెద్దవి, బిరుసు. డ్రాప్-అవే రెస్ట్ కిందికి పడిపోతుంది కాబట్టి అక్కడ తగిలే సమస్య లేదు. రికర్వ్‌లో బాణం తోక రైజర్ పక్కనుంచే వెళ్ళాలి. మెత్తటి చుట్టలాంటి స్పిన్ వేన్లు గానీ, చిన్న ప్లాస్టిక్ వేన్లు గానీ పెట్టించుకోండి. మూడింటిలో రంగు వేరుగా ఉన్న వేన్ రైజర్‌కి ఎదురు దిక్కు చూడాలి. తగులుతోందని అనుమానమొస్తే తోక మీద కాస్త టాల్కమ్ పౌడర్ చల్లి వేయండి. రైజర్ మీద, రెస్ట్ మీద తెల్లటి గీత పడితే తగులుతున్నట్టే.

నాక్ ఇంకో చిక్కు. స్ట్రింగ్‌కి నాక్ క్లిక్కుమని పట్టుకోవాలి, పట్టుకుని అతుక్కోకూడదు. విల్లుని అడ్డంగా పట్టుకుని, బాణం నాక్ స్ట్రింగ్‌కి వేలాడుతుండగా పక్కన వేలితో ఒక్కటి కొట్టండి. ఆ తట్టుడికి ఊడి పడితే సరిగ్గా ఉంది. గట్టిగా కొట్టినా పడకపోతే బిగువు. ఊపితేనే ఊడిపోతే వదులు. ఈ రెండోదే ప్రమాదం, లాగుతుండగా బాణం ఊడితే ఉత్త స్ట్రింగ్ వదిలినట్టు అవుతుంది.

కొనేముందు, కొన్నాక: బేర్ షాఫ్ట్ పరీక్ష

డజను ఒకేసారి కొనకండి. ముందు అయిదు తీసుకుని పరీక్షించుకున్నాక మిగతావి చెప్పండి. ఎవరి దగ్గరైనా అదే స్పైన్ బాణాలుంటే అడిగి వేసి చూడటం ఇంకా మంచిది.

కాంపౌండ్‌లో పేపర్ ట్యూనింగ్ అలవాటై ఉంటుంది. రికర్వ్‌లో వేళ్ళ రిలీజ్ ప్రతిసారీ ఒకేలా ఉండదు కాబట్టి, కొత్తవాళ్ళకి కాగితం మీద చిరుగు చూసి తేల్చడం కష్టం. బేర్ షాఫ్ట్ ఇంతకంటే నయం. రెండు బాణాలకి వేన్లు తీసేయండి. తోక తేలికైందని అనిపిస్తే వేన్ల బరువుకి సరిపడా టేప్ చుట్టండి. ముందు ప్లంజర్ స్ప్రింగ్‌ని మధ్యస్థంగా పెట్టండి. విల్లు వెనక నుంచి చూసినప్పుడు స్ట్రింగ్ లింబ్స్ మధ్యలో ఉంటే, బాణం మొన స్ట్రింగ్‌కి కొద్దిగా ఎడమకి కనపడాలి. కాంపౌండ్‌లోలా సూటిగా ఉండకూడదు.

18 మీటర్ల దగ్గర వేన్లున్నవి మూడు, లేనివి రెండు వేయండి. కుడిచేతి వాటం వాళ్ళకి లెక్క ఇది: వేన్లు లేనివి ఎడమకి పడితే బాణం గట్టిది, కుడికి పడితే మెత్తది. ఎడమచేతి వాటం వాళ్ళు తిరగేసుకోవాలి. పైకో కిందకో పడితే స్పైన్‌తో పని లేదు, నాకింగ్ పాయింట్ సర్దాలి. కింద పడితే అది ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు, పైన పడితే తక్కువలో ఉన్నట్టు. ముందు ఇది సరిచేసుకుని, ఆ తర్వాతే పక్కల సంగతి చూడండి.

ఒక్క రౌండ్ చూసి తీర్పు చెప్పేయకండి. ఒక బేర్ షాఫ్ట్ ఎడమకి, ఇంకోటి కుడికి పడ్డాయంటే తప్పు బాణానిది కాదు, వేళ్ళది. మూడు నాలుగు రౌండ్లూ ఒకే వైపు పడితేనే నమ్మండి. అరచేయంత తేడా ఉంటే ప్లంజర్‌తో సర్దుకోవచ్చు: గట్టి బాణానికి స్ప్రింగ్ వదులు, మెత్తదానికి బిగువు. జానెడు దాటిందంటే ప్లంజర్ మీద భారం వేయకండి. గట్టిదైతే బరువైన పాయింట్ పెట్టి చూడండి. మెత్తదైతే పాయింట్ తగ్గించండి, లేదా పావు అంగుళం చొప్పున కోయించండి. దేనికీ లొంగకపోతే స్పైనే తప్పు, మార్చుకోవాలి. అయిదే కొన్నారు కాబట్టి నష్టం తక్కువ.

ఈ పరీక్ష అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద చేయకండి. వేన్లు లేని బాణం ఎటు పోతుందో ముందే చెప్పలేం. వెనక పెద్ద గోడో, వలో ఉన్న గ్రౌండ్‌లోనే చేయండి.

ఉప్పు గాలి, ఎండ

సముద్రం దగ్గర స్టీలు పాయింట్లకి త్వరగా తుప్పు చుక్కలొస్తాయి. బట్‌లోంచి లాగిన బాణాల్ని పొడి గుడ్డతో తుడిచి పెట్టుకోండి. మే నెలలో బాణాల పెట్టెని ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే పాయింట్‌కి పెట్టిన హాట్‌మెల్ట్ జిగురు మెత్తబడి, పాయింట్ బట్‌లోనే ఉండిపోయి షాఫ్ట్ చేతికొస్తుంది. మళ్ళీ అతికించేటప్పుడు పాయింట్‌ని వేడి నీళ్ళలో పెట్టండి. కార్బన్ షాఫ్ట్‌ని మాత్రం మంట దగ్గరికి తీసుకెళ్ళకండి.

ప్రతి రౌండ్‌కీ ముందు కార్బన్ బాణాన్ని రెండు చివరలా పట్టుకుని, ముఖానికి దూరంగా కొద్దిగా వంచుతూ తిప్పండి. కిరకిరమని శబ్దమొచ్చినా, గోరుతో రాస్తే నార లేచినా ఆ బాణం పని అయిపోయింది. రెండు ముక్కలు చేసి పారేయండి. అలాగే ఉంచితే ఎవరో ఒకరు తీసి వేస్తారు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు షాపుకి అయిదు విషయాలు రాసి పంపండి: వేళ్ళ మీద తూచిన పౌండ్లు, డ్రా పొడవు, కావలసిన బాణం పొడవు, పాయింట్ బరువు, స్ట్రింగ్‌లో ఎన్ని పోగులున్నాయో. ఫింగర్ రిలీజ్ రికర్వ్ అని కూడా విడిగా రాయండి. లేకపోతే మీ పాత ఆర్డర్లు చూసి మళ్ళీ కాంపౌండ్ చార్టులోంచే తీసి పంపొచ్చు. లింబ్స్ మార్చినప్పుడల్లా, లింబ్ బోల్ట్ తిప్పి పౌండేజ్ పెంచినప్పుడల్లా కాటా, బేర్ షాఫ్ట్ మళ్ళీ మొదటి నుంచి.